గురుత్వ కొలతల ఉమ్మడి ఆధార వ్యవస్థ: నల్లగొండ చెలకల నుంచి ఒక వినియోగదారుని సమీక్ష

గత వేసవిలో పద్దెనిమిది రోజుల పాటు దేవరకొండ వైపు ఒక చెలకలో, నల్లరాతి గుట్ట పక్కన, గ్రావిమీటరును మూడుకాళ్ల పీట మీద మట్టం చేస్తూ గడిపాను. భూమి లోపల ఎక్కడ బరువైన రాయి ఉందో, ఎక్కడ తేలికైన రాయి ఉందో, గురుత్వ త్వరణంలోని అతి చిన్న తేడాలను బట్టి అంచనా కట్టడం నా వృత్తి. ఆ పనికి పరికరాన్ని అద్దెకు తెచ్చుకున్నాను, జీపు మాట్లాడుకున్నాను, ఎత్తులు తీయడానికి మంచి జీపీఎస్ తెప్పించుకున్నాను. వీటన్నిటికీ డబ్బు కట్టాను. పైసా కట్టకుండా వాడుకున్న సేవ మరొకటి ఉంది, నా లెక్కలన్నీ చివరికి దాని మీదనే నిలబడ్డాయి. అది వందేళ్లకు పైగా అనేక దేశాలు కలిసి కట్టుకుంటూ వస్తున్న గురుత్వ కొలతల ఉమ్మడి ఆధార వ్యవస్థ. పరికరాల గురించి సమీక్షలు రాసేవారు చాలామంది ఉన్నారు కనుక, నేను ఈ వ్యవస్థను ఒక మామూలు వినియోగదారునిగా ఎలా వాడానో, ఎక్కడ మెచ్చుకున్నానో, ఎక్కడ విసుక్కున్నానో రాస్తున్నాను.

దాని అవసరం ఏమిటో నాకంటే బాగా ఆ చెలక యజమాని బయటపెట్టాడు. మూడో రోజు పొద్దున వచ్చి, పరికరం పక్కన గొంతుకూర్చుని, "సారూ, గీ డబ్బల ఏం గనబడ్తది? నీళ్లా?" అని అడిగాడు. "నీళ్లు గాదు పెద్దాయనా, కింద రాయి ఎంత బరువున్నదో చెప్తది" అన్నాను. తెర మీద ఉన్న అంకెను చూపిస్తే, కొంచెంసేపు చూసి, "గది ఎక్కువనా, తక్కువనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. క్వార్ట్జ్ స్ప్రింగు ఉన్న ఇటువంటి పరికరం ఒక చోటికీ మరో చోటికీ మధ్య తేడాను మాత్రమే చెబుతుంది. దాని అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. గురుత్వం విలువ ముందే తెలిసిన ఒక బిందువు దగ్గర రీడింగు తీసుకుని, అక్కడి నుంచి మన చెలక దాకా తేడాను మోసుకొస్తేనే ఆ అంకెకు ఒక అర్థం ఏర్పడుతుంది. ఆ తెలిసిన బిందువునే మేము బేస్ అంటాము. ప్రపంచంలోని బేసులన్నీ ఒకే లెక్కకు కట్టుబడి ఉండేలా చూడడం ఈ ఉమ్మడి వ్యవస్థ బాధ్యత.

ఇక్కడ కొలతల స్థాయి కొంచెం చెప్పుకోవాలి. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర సెకనుకు సెకనుకు సుమారు 9.780 మీటర్లు, ధ్రువాల దగ్గర సుమారు 9.832 మీటర్లు. పదిహేడో అక్షాంశం మీద ఉన్న నల్లగొండలో అది భూమధ్యరేఖ విలువకు దగ్గరగానే, 9.78 పైన కొద్దిగా ఉంటుంది. మా వృత్తిలో వాడే మిల్లీగాల్ అనే ప్రమాణం ఇందులో దాదాపు పది లక్షల్లో ఒక వంతు. గెలీలియో పేరు మీద పెట్టిన గాల్‌లో అది వెయ్యో వంతు. చెలకలోని నల్లరాతి డైకు, అంటే గ్రానైటును చీల్చుకుని గోడలా నిలిచిన రాయి, చుట్టూ ఉన్న గ్రానైటు కంటే బరువైనదే, అయినా ఇరవై మీటర్ల వెడల్పున్న డైకు వల్ల గ్రావిమీటరులో కనబడే పెరుగుదల అర మిల్లీగాల్ కంటే తక్కువ. పరికరాన్ని ఒక మీటరు ఎత్తుకు లేపితే గురుత్వం 0.3086 మిల్లీగాల్ తగ్గుతుంది. అంటే ఆ డైకు ఇచ్చే సంకేతమూ, ఒక మనిషి నడుమెత్తు తేడా ఇచ్చే సంకేతమూ దాదాపు ఒకటే. ఇంత సన్నటి పనిలో పక్కవాడి బేసు ఎక్కడ మొదలైందో తెలియకపోతే ఏమవుతుందో నాకు స్వయంగా అనుభవమైంది.

నా సర్వేకు పడమటి దిక్కున, నారాయణపేట వైపు కొన్ని దశాబ్దాల కిందట ఎవరో చేసిన సర్వే కాగితాలు ఒక క్లయింటు దగ్గర దొరికాయి. మద్దూరు, కోటకొండ ప్రాంతాలు వజ్రాలు ఉండగల కింబర్లైటు రాళ్లకు పేరుపొందినవి కనుక ఆ పాత సర్వే విలువైనదే. దానినీ నాదానినీ ఒకే పటంలో కలిపి గీసేసరికి, రెండూ కలిసే చోట నిటారుగా ఒక మెట్టు లేచింది. ఎత్తు 14 మిల్లీగాల్‌కు దగ్గర. భూమి లోపల అంత పదునైన గోడ ఉండడానికి వీల్లేదు. రెండు రోజులు నా రీడింగులనే తిరగేశాను, జీపీఎస్ ఎత్తులను అనుమానించాను, చివరికి పాత కాగితాల అడుగున సన్నని అక్షరాలతో ఉన్న ఒక్క పదం చూసి తల పట్టుకున్నాను. ఆ పదం పోట్స్‌డామ్.

1898 నుంచి 1904 దాకా జర్మనీలోని పోట్స్‌డామ్‌లో క్యూనెన్, ఫుర్ట్‌వెంగ్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రివర్సిబుల్ లోలకాలతో కొలిచి, అక్కడి గురుత్వం 9,81,274 మిల్లీగాల్ అని తేల్చారు. 1909లో దానినే ప్రపంచానికంతటికీ మూలబిందువుగా ఒప్పుకున్నారు. ఆ తరువాత ఆరు దశాబ్దాల పాటు అన్ని దేశాల సర్వేలూ నేరుగానో, చేతులు మారుతూనో ఆ విలువకే ముడిపడ్డాయి. తీరా చూస్తే అది దాదాపు 14 మిల్లీగాల్ ఎక్కువ. 1971లో కొత్త వల, అంటే ప్రపంచమంతటి బేసులను కలిపే కొత్త లెక్క, వచ్చినప్పుడు పోట్స్‌డామ్ విలువను 9,81,260.19కి దించారు. ఆ తేడాను ఎత్తు లెక్కలోకి మారిస్తే సుమారు 45 మీటర్లు. ఊళ్లో గెట్టు పంచాయితీ పడినప్పుడు ఎవరి గొలుసు ఎంత పొడవుందో ముందు కొలిచి చూడమని పెద్దలు చెప్పేది ఇందుకే. ఎవరి పొలం లెక్క వారికి సరిగానే ఉంటుంది, తప్పు హద్దు దగ్గర తేలుతుంది. పాత సర్వే చేసినవారి పనిలో లోపం లేదు. వారు నాటి హద్దురాయిని నమ్మారు, నేను నేటి హద్దురాయిని నమ్మాను.

1971 నాటి వలను ఒక ఉత్పత్తిగా చూస్తే దానికి నేను మంచి మార్కులే వేస్తాను. దానిలో 1,854 కేంద్రాలు ఉన్నాయి. నిరపేక్ష కొలతలు, అంటే మరో బిందువుతో పోల్చకుండా నేరుగా తీసినవి, పదే పది, అవీ ఎనిమిది చోట్ల మాత్రమే. మిగిలినదంతా లోలకాలనూ స్ప్రింగు మీటర్లనూ విమానాల్లో దేశదేశాలకూ మోసుకెళ్లి తీసిన తేడాల లెక్క. అయినా మొత్తం మీద దోషం 0.1 మిల్లీగాల్ లోపలే నిలిచింది. కంప్యూటర్లు అంత బలహీనంగా ఉన్న కాలంలో వేల కొలతలను ఒక్కసారిగా సర్దుబాటు చేసి ఇటువంటి ఫలితం రాబట్టడం మామూలు విషయం కాదు. నారాయణపేట వైపు పాత సర్వేను సరిచేయడానికి నేను చేసిందల్లా ఆ అంకెల నుంచి 14 తీసివేయడం. మెట్టు మాయమైంది.

అయితే ఈ వలకు ఒక పెద్ద జబ్బు ఉంది. దాని విలువ రాళ్లలో ఉంది, రాళ్లు ఉండవలసిన చోట ఉండవు. మీటర్లను విమానాల్లో తిప్పారు కనుక చాలా కేంద్రాలను విమానాశ్రయాల్లోనే పెట్టారు. విమానాశ్రయాలు మారిపోతాయి. హైదరాబాదు ప్రయాణికులకు 2008లో బేగంపేట పోయి శంషాబాద్ వచ్చినట్లే ప్రపంచమంతటా ఎన్నో చోట్ల మారాయి. రైల్వే స్టేషన్లలో, పాత భవనాల మెట్ల మీద గుర్తించిన బిందువుల మీద గచ్చు వేస్తారు, టైల్స్ పరుస్తారు, గోడ కడతారు. వివరణ పత్రంలో "ఉత్తరపు గోడ నుంచి 1.2 మీటర్లు" అని రాసి ఉంటుంది, ఆ గోడ ఉండదు. నేనూ ఒక పాత బిందువు కోసం అరపూట వెతికి, అది ఒక టీ కొట్టు పొయ్యి కింద ఉందని అంచనాకు వచ్చి, చాయ్ తాగి తిరిగి వచ్చాను.

మరో చిక్కు కంటికి కనబడనిది. చంద్రుడు, సూర్యుడు భూమిని లాగడం వల్ల గురుత్వం గంటగంటకూ మారుతుంది. ఆ మార్పు కొన్ని రోజుల్లో 200 మైక్రోగాల్ దాటుతుంది. దానిని లెక్కించి తీసివేయడం సులభమే కానీ, ఆ ఆకర్షణలో ఎప్పటికీ మారకుండా ఉండే సగటు భాగాన్ని ఉంచాలా తీసేయాలా అన్నదానిపై 1971లో ఒక పద్ధతి, తరువాతి దశాబ్దాల్లో మరో పద్ధతి పాటించారు. హోంకసలో సవరణ అని పిలిచే ఈ భాగం మన అక్షాంశం దగ్గర 0.03 మిల్లీగాల్‌కు కొంచెం తక్కువ. డైకు వెతికేవారికి దానితో పెద్దగా పని లేదు. రెండు దేశాల వలలను కలిపేవారికి మాత్రం అది పంటి కింద రాయి.

ఇప్పుడు ఈ సేవ కొత్త రూపం గురించి. భూమి ఆకారాన్నీ గురుత్వాన్నీ కొలిచే శాస్త్రానికి చెందిన అంతర్జాతీయ జియోడెసీ సంఘం 2015లో ప్రాగ్ నగరంలో తీర్మానించి, 1971 వల స్థానంలో నిరపేక్ష కొలతల మీద ఆధారపడే కొత్త వ్యవస్థను నిర్మించాలని నిర్ణయించింది. నా దృష్టిలో ఇందులోని అసలు తెలివి మూలాన్ని రాళ్లలో కాకుండా పరికరాల్లో పెట్టడం. నిరపేక్ష గ్రావిమీటరు పనితీరును ఒకసారి దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. గాలి తీసేసిన గొట్టంలో కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే, అరచేతిలో పట్టేంత అద్దపు మూలను ఒక చిన్న లిఫ్టు పైకి తీసుకెళ్లి వదులుతుంది. అది సుమారు ఇరవై సెంటీమీటర్లు, సెకనులో ఐదో వంతు సేపు స్వేచ్ఛగా పడుతుంది. ఆ కాస్త సేపట్లో ఒక లేజరు కిరణం అది పడిన దూరాన్ని తన తరంగదైర్ఘ్యంతో లెక్కపెడుతుంది, రుబిడియం గడియారం కాలాన్ని లెక్కపెడుతుంది. దూరమూ కాలమూ తెలిస్తే త్వరణం తెలుస్తుంది, ఇంకెవరి విలువనూ అరువు తెచ్చుకోనవసరం లేదు. మళ్లీ లిఫ్టు, మళ్లీ పతనం, టక్కు టక్కుమని రాత్రంతా. ఎఫ్‌జీ5 అనే రకం పరికరంతో ఒక రోజు కొలిస్తే రెండు మూడు మైక్రోగాల్ దాకా నమ్మవచ్చు. మిల్లీగాల్‌లో వెయ్యో వంతు మైక్రోగాల్ అని గుర్తుచేస్తే 1971 నుంచి ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

అయితే పరికరం తాను సరిగా ఉన్నానని తానే చెప్పుకుంటే సరిపోదు కదా. అందుకని దేశదేశాల పరికరాలను ఒకే భవనానికి తెచ్చి, ఒకే దిమ్మెల మీద వంతులవారీగా కూర్చోబెట్టి పోల్చుతారు. 1980ల తొలినాళ్ల నుంచి 2009 దాకా ఈ పోలికలు పారిస్ పక్కన సెవ్రలోని అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయంలో జరిగాయి. 2013లో లక్సెంబర్గ్‌లోని వాల్ఫర్‌డాంజ్‌లో, 2017లో బీజింగ్ దగ్గరి చాంగ్‌పింగ్‌లో జరిగాయి. పోలికలో నిలిచిన పరికరం తన దేశానికి తిరిగి వెళ్లి అక్కడి కేంద్రాలను కొలుస్తుంది, అక్కడి నుంచి మాలాంటివారు స్ప్రింగు మీటర్లతో పొలాల్లోకి మోసుకెళతారు. ఒక కేంద్రం మీద ఎవరైనా గోడ కట్టినా ఇబ్బంది లేదు, పక్క ఊళ్లో మరొక దిమ్మె పోసి ఒక రాత్రిలో మళ్లీ కొలవవచ్చు. సరుకు ఎక్కడ దొరుకుతుందో చూసుకోవడానికి టూలూజ్‌లోని అంతర్జాతీయ గురుత్వ కార్యాలయం, జర్మనీ ప్రభుత్వ సంస్థ కలిసి నడిపే ఏగ్రావ్ అనే దత్తాంశ నిధి ఉంది. కొన్ని బిందువులకు పూర్తి విలువలు ఉంటాయి, కొన్నిటికి కొలత జరిగిందన్న సమాచారం మాత్రమే ఉంటుంది. ఎంత బయటపెట్టాలన్నది కొలిచినవారి ఇష్టం. ఈ వెసులుబాటు లేకపోతే చాలా దేశాలు అసలే చేరవని నాకు తెలుసు. అయినా పటం మీద చుక్క కనబడి, దాని పక్కన అంకె కనబడకపోవడం పెళ్లి విందులో ఆకు వేసి వడ్డించకపోయినట్లు ఉంటుంది.

కొత్తగా వాడేవారికి ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు నేను చేయబోయి ఆగాను. నిరపేక్ష గ్రావిమీటరు విలువ నేల మీద ఉండేది కాదు, అద్దపు మూల పడే ఎత్తులో, తరచుగా నేలకు మీటరున్నర లోపు ఎత్తులో ఉంటుంది. నివేదికలో ఆ ఎత్తు రాసి ఉంటుంది. 1.25 మీటర్ల ఎత్తు విలువను నేల విలువ అనుకుని తీసుకుంటే దాదాపు 0.39 మిల్లీగాల్ తప్పు వస్తుంది. నా డైకు సంకేతం మొత్తం అంతే కదా. విలువ పక్కనే ఎత్తును కొట్టొచ్చినట్లు అచ్చువేయకుండా నాలుగో పుటలో పట్టిక అడుగున దాచడం, ఇంత జాగ్రత్తగా కట్టిన వ్యవస్థకు తగని పని.

ఇక నా అసలు ఫిర్యాదు చివరి వంద కిలోమీటర్ల గురించి. హైదరాబాదులోని ఒక నమ్మకమైన బేసు నుంచి నల్లగొండకు విలువను మోసుకురావడానికి నాకు మూడు రోజులు పట్టింది. స్ప్రింగు తనంతట తాను సాగుతూ ఉంటుంది, దానిని డ్రిఫ్టు అంటాము. ఆ డ్రిఫ్టును పట్టుకోవాలంటే పొద్దున బేసు దగ్గర రీడింగు తీసి, నల్లగొండ వచ్చి తీసి, సాయంత్రం మళ్లీ బేసుకు వెళ్లి లూపు మూయాలి. మొదటి రోజు చిట్యాల దాటాక ఒక స్పీడు బ్రేకరు మీద జీపు ఎగిరి, పరికరం ఒక్కసారిగా 0.1 మిల్లీగాల్ దూకింది, ఆ లూపు వృథా అయింది. దానికి తోడు, పరికరం అద్దెకు ఇచ్చినవారు జతచేసిన కాలిబ్రేషన్ కాగితం చాలా ఏళ్ల కిందటిది. మీటరు స్కేలు సరిగా ఉందో లేదో చూడాలంటే విలువలు తెలిసిన, ఎత్తులో బాగా తేడా ఉన్న రెండు బిందువులు కావాలి. వంద మీటర్ల గుట్ట ఎక్కితే, కాళ్ల కింద చేరిన రాయి లాగే లాగుడు పోను, సుమారు 20 మిల్లీగాల్ మారుతుంది కనుక అచ్చంపేట మైదానం నుంచి మన్ననూరు ఘాటు ఎక్కే దారి ఆ పనికి దేవుడిచ్చిన వరం. కిందొకటి, పైనొకటి నిరపేక్షంగా కొలిచిన దిమ్మెలు అక్కడ అందరికీ తెరిచి ఉంటే, దక్షిణ తెలంగాణలో పనిచేసే ప్రతి మీటరునూ ఒక పూటలో పరీక్షించుకోవచ్చు. నాకు మాత్రం హైదరాబాదులోనే రెండు బిందువుల మధ్య తిరిగి సరిపెట్టుకోవలసి వచ్చింది. కాగితంలోని స్కేలు వెయ్యికి ఒకటి చొప్పున తప్పు చూపించింది.

నల్లగొండ గడియారం సెంటరులో బంగారం తూచేవారికి కూడా ఈ వ్యవస్థతో సంబంధం ఉందని చెబితే నవ్వుతారు. బెర్లిన్‌లో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాను అలాగే తెచ్చి ఇక్కడ పెడితే వంద గ్రాముల బంగారం 99.7 గ్రాములే చూపుతుంది, ఎందుకంటే ఇక్కడ గురుత్వం తక్కువ. కాటాను వాడే చోటనే ప్రామాణిక రాళ్లతో సరిచేస్తారు కనుక కొనేవారికి నష్టం లేదు. ఆ రాళ్ల వెనుక ఉన్న కిలోగ్రాముకు 2019 మే 20 నుంచి కొత్త నిర్వచనం అమలులోకి వచ్చింది. దానిని సాకారం చేసే, బరువును విద్యుత్ బలంతో తూచే కిబుల్ తుల పనిచేయాలంటే అది ఉన్న గదిలో గురుత్వం ఎంతో చాలా కచ్చితంగా తెలిసి ఉండాలి.

ఈ వ్యవస్థ నుంచి మన ప్రాంతం ఏం ఆశించవచ్చు, ఏం ఆశించకూడదు అన్నది కూడా చెప్పాలి. నీళ్ల గురించి ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న అర్థం లేనిది కాదు. మీటరు మందం నీటి పొర సుమారు 42 మైక్రోగాల్ పెంచుతుంది. అయితే మన గ్రానైటులో నీరు పగుళ్లలో, పైనున్న మెత్తని పొరలో మాత్రమే ఉంటుంది, నిల్వ నూటికి ఒకటి రెండు వంతులు మించదు. బోర్లలో నీటిమట్టం పది మీటర్లు పడిపోయినా గురుత్వంలో తేడా ఆరేడు మైక్రోగాల్ దగ్గరే ఆగుతుంది. నా స్ప్రింగు మీటరుతో వంద కిలోమీటర్ల దూరం నుంచి మోసుకొచ్చిన విలువలో అది కొట్టుకుపోతుంది. అదే స్థలంలో నిరపేక్ష కొలత ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం చివర ఒకటి, వానాకాలం చివర ఒకటి తీస్తే, అది కూడా పది పదిహేనేళ్లు తీస్తే, లెక్క మారుతుంది. చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు అయస్కాంత పరిశీలన కేంద్రమూ, గట్టిరాతి భూగర్భజలాలను అధ్యయనం చేసే క్షేత్రమూ ఉన్నాయి. రద్దీకి దూరంగా ఉండే అటువంటి ప్రాంగణంలో తీసిన కొలతలు అందరికీ అందితే, ఫ్లోరైడు నీళ్లతో దశాబ్దాలు బాధపడిన జిల్లాకు భూగర్భ నిల్వల గురించి ఒక స్వతంత్ర సాక్ష్యం దొరుకుతుంది.

జీపీఎస్ ఎత్తుల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. మన ప్రాంతంలో జీపీఎస్ సొంతంగా చెప్పే ఎత్తు, సముద్రమట్టం నుంచి లెక్కించే ఎత్తు కంటే 70 మీటర్లకు పైగా తక్కువగా ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉన్న పెద్ద గురుత్వ పల్లం ప్రభావం ఇక్కడిదాకా పాకింది. ఒక ఎత్తును మరొకదానిలోకి మార్చే పట్టికలన్నీ ఈ గురుత్వ కొలతల మీదే నిలబడ్డాయి.

మన దేశానికి ఈ కథలో పాత భాగమే ఉంది. మహబూబ్‌నగర్‌ను దాదాపు ఆనుకుని పోయే 78వ రేఖాంశం వెంబడే పంతొమ్మిదో శతాబ్దపు మహా త్రిభుజీకరణ, అంటే త్రిభుజాల లెక్కతో దేశాన్ని కొలిచిన సర్వే, సాగింది. బసేవి అనే సర్వే అధికారి 1865 నుంచి లోలకాలను మోసుకుంటూ దేశమంతా కొలిచి, 1871లో లదాఖ్ ఎత్తుల్లో పని మీద ఉండగానే మరణించాడు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1975లో ప్రచురించిన దేశ గురుత్వ పటాలను నేను ఈనాటికీ బల్ల మీద పరుచుకుంటాను. ఐరోపాలో తూర్పు, మధ్య దేశాలు 1990ల చివర తమ వేరువేరు గురుత్వ వలలను ఉమ్మడిగా కొలిచి ఒకటి చేసుకున్నాయి. దక్షిణాసియా దేశాల సరిహద్దులకు రెండు వైపులా ఒకే పరికరం కూర్చునే రోజు వస్తే పటాల మీద మిగిలిన మెట్లు కూడా పోతాయి.

నా మార్కులు అడిగితే, ఆలోచనకు పదికి తొమ్మిది, పరికరాల పోలికలకు తొమ్మిది, అంకెలను చదువరికి అందించే తీరుకు ఆరు, మా జిల్లాలో అందుబాటుకు నాలుగు. ఖర్చు లేని సేవకు ఇంత కఠినంగా మార్కులు వేయడం న్యాయమా అని నా సహాయకుడు అడిగాడు. ప్రయాణాలకూ వృథా అయిన లూపులకూ అయిన డీజిలు బిల్లు అతని చేతిలో పెట్టాను.

నల్లగొండలో నా సొంత బేసుగా ఒక పాత రాతి కట్టడం అరుగు మీద ఇత్తడి మేకు దిగ్గొట్టి, మూడు వైపుల నుంచి ఫొటోలు తీసి, గోడల నుంచి దూరాలు, రీడింగు తేదీ, నేల నుంచి పరికరం ఎత్తు అన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచాను. మొన్న అటు వెళ్లిన మిత్రుడు ఆ అరుగుకు కొత్తగా సున్నం వేస్తున్నారని ఫోను చేశాడు. వానలు మొదలయ్యే లోపు వెళ్లి, గీకి, మేకు ఉందో లేదో చూసుకోవాలి.